సంఘం ఎత్తబడుట, అంత్యదినాలు: భేదాభిప్రాయాలను అధ్యయనం చేసే పద్ధతి

తెలుగు సంఘాలలో సంఘం ఎత్తబడుటను, అంటే ప్రభువు వచ్చినప్పుడు విశ్వాసులు ఆయనను ఎదుర్కొనుటకు కొనిపోబడుటను, గురించిన బోధ చాలావరకు ఒక పటంతో మొదలవుతుంది. ఎడమవైపు సిలువ, తరువాత సంఘకాలం, పైకి చూపే బాణం గుర్తు, ఏడేండ్ల శ్రమలు, క్రిందికి దిగే బాణం గుర్తు, వెయ్యేండ్ల పాలన, చివర ధవళ సింహాసనపు తీర్పు. చూసేవారికి ఇదంతా ఏదో ఒక అధ్యాయంలో ఇదే వరుసలో వ్రాసి ఉన్నదేమో అనిపిస్తుంది. నిజానికి ఆ వరుస మొత్తం ఏ ఒక్క అధ్యాయంలోనూ లేదు. దానియేలు గ్రంథంలో, మత్తయి సువార్తలో, థెస్సలొనీకయులకు వ్రాసిన రెండు పత్రికలలో, ప్రకటన గ్రంథంలో వేరువేరుగా ఉన్న మాటలను ఒక క్రమంలో కూర్చినప్పుడు ఆ పటం తయారవుతుంది. ఆ కూర్పు సరైనది కావచ్చు, కాకపోవచ్చు. అయితే అది కూర్పు అనే సంగతి తెలియకుండా నేర్చుకున్న విశ్వాసి, మరొక కూర్పును నమ్మే సహోదరుణ్ణి చూసి అతడు వాక్యాన్నే కాదంటున్నాడని అనుకుంటాడు. సంఘంలో బైబిలు స్టడీ నడిపేవారు, ఇంట్లో సొంతంగా చదువుకొనేవారు ఈ భేదాలను న్యాయంగా పరిశీలించడానికి అనుసరించదగిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట ఉమ్మడి విశ్వాసాన్ని వ్రాసుకోండి

అధ్యయనం మొదటి రోజున భేదాల జోలికి వెళ్లకండి. ప్రభువైన యేసు మరల వస్తాడని, మృతులు లేస్తారని, సజీవులకును మృతులకును ఆయన తీర్పు తీరుస్తాడని, ఆయన రాజ్యానికి అంతం ఉండదని రోమన్ కాథలిక్కులు, ఆర్థొడాక్సువారు, లూథరన్లు, సి.ఎస్.ఐ.వారు, బాప్తిస్టులు, బ్రదరెన్‌వారు, పెంతెకొస్తువారు అందరూ ఒప్పుకుంటారు. నైసీయ విశ్వాస ప్రమాణంలో ఉన్నది ఇదే. అపొస్తలుల కార్యములు 1:11లో దేవదూతలు శిష్యులతో చెప్పిన మాటను ఆధారంగా తీసుకొని, ఈ నాలుగు సంగతులను బోర్డు మీద వ్రాసి, అధ్యయనం ముగిసే వరకు చెరపకుండా ఉంచండి. తరువాతి వారాలలో వాదన వేడెక్కినప్పుడు, జరుగుతున్న చర్చ ఈ నాలుగింటిని గురించి కాదని, వాటి క్రమాన్ని గురించి మాత్రమేనని అందరికీ కంటి ముందు కనబడుతూ ఉంటుంది.

ఒక్క వాక్యభాగాన్ని నిదానంగా చదవండి

ఎత్తబడుటకు మూలవాక్యం 1 థెస్సలొనీకయులకు 4:13-18. దీనిని గట్టిగా రెండుసార్లు చదివించి, నోటు పుస్తకంలో పేజీని నిలువుగా రెండు భాగాలు చేయమనండి. ఎడమ భాగంలో వాక్యం చెప్పిన సంగతులు మాత్రమే వ్రాయాలి. ప్రభువు పరలోకం నుండి దిగివస్తాడు. ఆర్భాటం, ప్రధానదూత శబ్దం, దేవుని బూర ఉంటాయి. క్రీస్తునందుండి మృతులైనవారు మొదట లేస్తారు. ఆ మీదట సజీవులుగా నిలిచి ఉన్నవారు వారితో కూడ ఏకముగా ప్రభువును ఎదుర్కొనుటకు మేఘముల మీద కొనిపోబడతారు. సదాకాలం ప్రభువుతో కూడ ఉంటారు. ఈ మాటలచేత ఒకరినొకరు ఆదరించుకోవాలి. ఎడమ భాగం ఇంతటితో పూర్తవుతుంది.

కుడి భాగంలో, ఈ సంఘటనను తలచుకోగానే మన మనసులోకి వచ్చేవి, కానీ ఈ ఆరు వచనాలలో లేనివి వ్రాయించండి. ఏడు సంవత్సరాలు, క్రీస్తు విరోధి, అది రహస్యంగా జరుగుతుందనే మాట, కొనిపోబడినవారు అక్కడి నుండి పరలోకానికి వెళ్తారా లేక ప్రభువుతో భూమికి దిగివస్తారా అనే సంగతి, ఇవన్నీ కుడి భాగంలోనే పడతాయి. వీటిలో కొన్నింటికి మరొకచోట ఆధారం ఉండవచ్చు. ఆ ఆధారాన్ని వెదికి ప్రక్కన వచనం వేయడమే రాబోయే వారాల పని. నా దృష్టిలో మొత్తం అధ్యయనంలో ఇంతకంటె ప్రయోజనకరమైన అభ్యాసం లేదు. చాలా ఏళ్లుగా వాక్యం చదివినవారు కూడా కుడి భాగం నిండుతున్నప్పుడు బైబిలు మళ్లీ తెరిచి చూసుకుంటారు.

ఆ పేజీలోనే మరొక సంగతి గమనింపజేయండి. పౌలు ఈ మాటలు కాలపట్టిక తయారు చేయడానికి వ్రాయలేదు. తమలో కొందరు చనిపోయారు, ప్రభువు వచ్చినప్పుడు వారు నష్టపోతారేమో అని దుఃఖపడుతున్న ఒక సంఘాన్ని ఆదరించడానికి వ్రాశాడు. ఆ సందర్భం మరచిపోయి చదివితే, వాక్యం ఇచ్చిన జవాబును ప్రక్కన పెట్టి, అది ఎత్తని ప్రశ్నకు జవాబు అడుగుతూ ఉంటాము.

భేదం ఎక్కడ మొదలవుతుందో చూడండి

సంఘం శ్రమలకు ముందు ఎత్తబడుతుందా, తరువాతనా అనే వాదన ఒక వచనంతో తేలదు. దాని వెనుక మరి రెండు ప్రశ్నలు ఉన్నాయి. వాటికి ఎవరు ఏ జవాబు చెప్తారో తెలిస్తే, ఎత్తబడుటను గురించి వారు ఏమంటారో చాలావరకు ముందే ఊహించవచ్చు. అందువల్ల ఏ బోధకుని వర్తమానం విన్నా ముందుగా ఈ రెంటికి ఆయన జవాబు ఏమిటో వెదకండి.

మొదటిది: ఇశ్రాయేలు, సంఘం అనేవి దేవుని ప్రణాళికలో వేరువేరు ప్రజలా, లేక క్రీస్తునందు ఒకే ప్రజగా చేయబడ్డారా? వేరువేరు అనేవారికి దానియేలు 9:24-27లోని డెబ్బది వారములు ముఖ్యం. వారమంటే ఏడు సంవత్సరాలు అనుకుంటే, అరువది తొమ్మిది వారములు 483 సంవత్సరాలు. అవి యెరూషలేమును మరల కట్టించుటకు ఆజ్ఞ వెలువడినది మొదలుకొని అభిషిక్తుని వరకు నెరవేరాయని, అక్కడ ఇశ్రాయేలు గడియారం ఆగిందని, ఆ విరామంలోనే సంఘకాలం నడుస్తున్నదని, సంఘం ఎత్తబడిన తరువాత డెబ్బదియవ వారం, అంటే ఏడేండ్ల శ్రమకాలం, మొదలవుతుందని వారు చెప్తారు. పటంలోని ఏడు అనే సంఖ్య ఇక్కడి నుండి వచ్చినదే. ప్రకటన గ్రంథంలో కనిపించేవి నలువదిరెండు నెలలు, వెయ్యిన్ని రెండువందల అరువది దినములు. అంటే ఆ వారంలో సగం. సంఘం, ఇశ్రాయేలు ఒకే ప్రజ అనేవారు ఆ విరామాన్ని అంగీకరించరు. డెబ్బదియవ వారం అరువది తొమ్మిదవ దాని వెంటనే వచ్చిందని, అనేకులతో నిబంధనను స్థిరపరచినవాడు క్రీస్తేనని, బలులు నిలిచిపోవడం ఆయన మరణంతో సంబంధించినదని వారి వివరణ. ఆ భాగంలోని 27వ వచనంలో నిబంధన చేసేవాడు ఒకరికి క్రీస్తు విరోధి, మరొకరికి క్రీస్తు. ఇంత పెద్ద భేదం ఒక్క వచనం లోపల ఉన్నదని క్లాసులో చూపినప్పుడు, అంతవరకు ఎదుటివారిది మొండితనం అనుకున్నవారు కొంచెం ఆలోచనలో పడతారు.

రెండవది: ప్రకటన 20వ అధ్యాయంలోని వెయ్యేండ్లు ఎప్పుడు? ఆ అధ్యాయాన్ని 19వ అధ్యాయం తరువాత కాలక్రమంలో జరిగేదిగా చదివితే, క్రీస్తు రాకడ ముందు, ఆయన భూమి మీద ఏలే వెయ్యేండ్లు తరువాత. ప్రీమిలెనియల్ అనే పేరు ఈ అభిప్రాయానిదే. 4, 5 వచనాలలో ‘బ్రదుకుట’ అనే మాట రెండుసార్లు వస్తున్నదని, అది ఒకచోట ఆత్మీయమైన జీవం, మరొకచోట శరీర పునరుత్థానం కావడానికి వీలులేదని వీరి బలమైన వాదన. ఎమిలెనియల్ అభిప్రాయం ప్రకారం 20వ అధ్యాయం మరల క్రీస్తు మొదటి రాకడ నుండి కథను చెప్తుంది. బలవంతుని ముందు బంధించి అతని ఇల్లు దోచుకొనుటను గురించి యేసు మత్తయి 12:29లో చెప్పినట్లు సాతాను బంధింపబడ్డాడు. జనములను ఇక మోసపరచలేకపోవుటచేతనే సువార్త జనములన్నిటికి వెళ్తున్నది. మృతులైన పరిశుద్ధులు ఇప్పుడే క్రీస్తుతో ఏలుచున్నారు. సమాధులలో ఉన్నవారందరు ఒకే కాలమున ఆయన శబ్దము విని బయటికి వస్తారని చెప్పే యోహాను 5:28-29ని వీరు ముందు పెడతారు. పోస్ట్‌మిలెనియల్ అభిప్రాయం సువార్త వలన లోకం దీర్ఘకాలం గొప్ప దీవెన పొందిన తరువాత క్రీస్తు వస్తాడని చెప్తుంది. 18వ శతాబ్దంలో అమెరికాలో జోనాతన్ ఎడ్వర్డ్స్ ఇలాగే నమ్మాడు. తెలుగు సంఘాలలో ఇది అరుదు కనుక దీనికి ఒక గంట కంటె ఎక్కువ కేటాయించనవసరం లేదు.

ఎత్తబడుట ఎప్పుడు: వాదనలను తూచి చూడటం

రెండు మూలప్రశ్నలు తేటపడిన తరువాతనే ఇక్కడికి రండి. శ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందనేవారు మన ప్రాంతంలో ఎక్కువ. దేవుడు మనలను ఉగ్రతపాలగుటకు నియమింపలేదనే 1 థెస్సలొనీకయులకు 5:9, లోకమంతటిమీదికి రాబోవు శోధన కాలాన్ని గురించి ఫిలదెల్ఫియ సంఘానికి ఇచ్చిన ప్రకటన 3:10 వాగ్దానం, ప్రకటన గ్రంథపు మొదటి మూడు అధ్యాయాలలో మాటిమాటికి కనిపించే సంఘము అనే మాట 4వ అధ్యాయం నుండి 22:16 వరకు కనిపించకపోవడం వారి ముఖ్యమైన ఆధారాలు. వీటికి మించి వారికి ప్రియమైనది, ప్రభువు ఏ క్షణంలోనైనా రావచ్చుననే కనిపెట్టుకొనుట. ఆ ఎదురుచూపులో ఎన్నో కుటుంబాలు పరిశుద్ధంగా జీవించాయి. ఈ అభిప్రాయాన్ని విమర్శించేవారు దానిని చులకనగా మాట్లాడకూడదు.

శ్రమల తరువాత అనేవారు మత్తయి 24:29-31ని చూపుతారు. అక్కడ ఆ దినముల శ్రమ ముగిసిన తరువాత మనుష్యకుమారుడు మేఘారూఢుడై వస్తాడు, గొప్ప బూర మ్రోగుతుంది, ఏర్పరచబడినవారు పోగుచేయబడతారు. 2 థెస్సలొనీకయులకు 2:1-3లో, మనము ఆయనయొద్ద కూడుకొనుటను గురించి మాట్లాడుతూనే, పాపపురుషుడు బయలుపడకుండా ఆ దినం రాదని పౌలు చెప్తున్నాడు. ప్రకటన 13:7లో, 14:12లో శ్రమల మధ్య పరిశుద్ధులు ఉన్నారు. ప్రభువును ఎదుర్కొనుటకు వెళ్లడమంటే మన పెళ్ళిళ్లలో ఆడపెళ్లివారు ఊరి పొలిమేర వరకు ఎదురువెళ్లి మగపెళ్లివారిని విడిదికి తోడ్కొని వచ్చినట్లు, ఆయనను ఎదుర్కొని ఆయనతో కూడ భూమికి రావడమేనని వీరంటారు. పౌలు రోమాకు వస్తున్నాడని విని సహోదరులు అప్పీయా సంతపేట వరకు ఎదురువచ్చిన సంగతి అపొస్తలుల కార్యములు 28:15లో, ఆ తరువాత పౌలు రోమాకు చేరిన సంగతి 16వ వచనంలో ఉంది. దీనికి శ్రమలకు ముందు అనేవారు యోహాను 14:3తో జవాబు చెప్తారు. అక్కడ ప్రభువు మనలను సిద్ధపరచిన స్థలానికి తీసుకొనిపోతానన్నాడు కదా అని అడుగుతారు. ఈ ప్రశ్న న్యాయమైనదే.

నా అభిప్రాయం దాచడం మంచిది కాదు. 2 థెస్సలొనీకయులు రెండవ అధ్యాయాన్ని ఉన్నది ఉన్నట్లు చదివితే శ్రమల తరువాత అనే వాదనకే ఎక్కువ బలం ఉన్నట్లు నాకు కనిపిస్తుంది. అయితే ఏ క్షణమైనా అనే మెలకువను ఆ వాదన ఎలా నిలుపుకుంటుందో దాని పక్షాన మాట్లాడేవారు ఇంకా చక్కగా వివరించవలసి ఉంది. క్లాసు నడిపే వ్యక్తి తన అభిప్రాయాన్ని చివరి వారంలో చెప్పడం మేలు. మొదటి వారంలోనే చెప్తే వినేవారు వాక్యాన్ని వదలి ఆయన ముఖం చూస్తూ కూర్చుంటారు.

మిగిలిన అభిప్రాయాలను క్లుప్తంగా పరిచయం చేస్తే చాలు. శ్రమల మధ్య అనేవారు 1 కొరింథీయులకు 15:52లోని కడబూరను ప్రకటన 11:15లోని ఏడవ బూరతో కలుపుతారు. ఉగ్రతకు ముందు అనేవారు మనుష్యుల వలన వచ్చే శ్రమను, దేవుని ఉగ్రతను వేరుచేసి, ప్రకటన గ్రంథంలోని ఆరవ ముద్ర తరువాత ఎత్తబడుట జరుగుతుందంటారు. సిద్ధపడి కనిపెట్టుకొన్న విశ్వాసులు మాత్రమే ముందుగా ఎత్తబడతారనే బోధను 19వ శతాబ్దంలో రాబర్ట్ గోవెట్ వివరించాడు. సెవెంత్-డే ఎడ్వెంటిస్టుల బోధలో వెయ్యేండ్లు పరిశుద్ధులు పరలోకంలో గడుపుతారు, భూమి పాడుగా ఉంటుంది.

మత్తయి 24వ అధ్యాయం దగ్గర మాత్రం తొందరపడకండి. దేవాలయపు కట్టడాలను చూపిన శిష్యులకు యేసు ఇచ్చిన జవాబు అది. క్రీ.శ. 70లో తీతు నాయకత్వంలో రోమా సైన్యం యెరూషలేమును, దేవాలయాన్ని నాశనం చేసింది. ఈ తరము గతింపదనే 34వ వచనాన్ని బట్టి ఆ అధ్యాయంలో ఎక్కువ భాగం అప్పుడే నెరవేరిందని కొందరు, కొంత అప్పుడు కొంత ముందుకు అని కొందరు, అంతా రాబోయేదేనని కొందరు చదువుతారు. అలాగే పొలంలో ఉన్న ఇద్దరిలో ఒకడు తీసికొనిపోబడుట ఎత్తబడుటేనా, లేక పైవచనాలలో జలప్రళయం కొట్టుకొనిపోయినవారివలె తీర్పులోనికి తీసికొనిపోబడుటా అనే ప్రశ్నను క్లాసులో అడిగి, జవాబును వారినే వెదకనివ్వండి.

ఈ బోధలు మన ఊళ్లకు ఎలా వచ్చాయి

చరిత్ర చెప్పడం వలన వాదన తేలదు, కానీ గర్వం తగ్గుతుంది. 2వ శతాబ్దంలో జస్టిన్ మార్టిర్ యెరూషలేములో వెయ్యేండ్ల రాజ్యాన్ని నమ్మాడు. అయినా నిర్మలమైన విశ్వాసం గల అనేకులు దానిని అంగీకరించరని తానే వ్రాశాడు. 5వ శతాబ్దంలో అగస్టీను, మొదట తానూ అలాగే నమ్మినవాడే అయినా, వెయ్యేండ్లను సంఘకాలంగా వివరించాడు. పశ్చిమ దేశాల సంఘం చాలా శతాబ్దాలు ఆ మార్గంలో నడిచింది. 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రకటన 17వ అధికరణ, పునరుత్థానానికి ముందు భక్తులు లోకరాజ్యాన్ని స్వాధీనం చేసుకుంటారనే బోధను నిరాకరించింది.

శ్రమలకు ముందు ఎత్తబడుటను ఒక క్రమబద్ధమైన బోధగా వ్యాపింపజేసినవాడు బ్రదరెన్ ఉద్యమ నాయకులలో ఒకడైన జాన్ నెల్సన్ డార్బీ. 1830ల తొలి సంవత్సరాలలో ఐర్లండులోని పవర్స్‌కోర్టులో జరిగిన ప్రవచన సమావేశాలలో ఈ సంగతులు చర్చకు వచ్చాయి. అదే సహవాసంలోని బెంజమిన్ న్యూటన్, పండితుడైన ట్రెగెల్స్ దీనిని ఒప్పుకోలేదు. 1909లో వెలువడిన స్కోఫీల్డు రిఫరెన్సు బైబిలు వచనాల క్రిందనే ఈ వివరణను ముద్రించడం వలన అది లక్షల ఇండ్లకు చేరింది. పేజీ పైన ఉన్నది వాక్యం, క్రింద ఉన్నది వ్యాఖ్య అనే గీతను పాఠకుడు గుర్తుంచుకోవాలి. ఈనాటి స్టడీ బైబిళ్లన్నిటికి ఇదే వర్తిస్తుంది.

తెలుగు దేశానికి ఈ చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. బ్రదరెన్ ఉద్యమ ఆరంభకులలో ఒకడైన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ పిలుపుపై 1836లో బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్ పనిని ఆరంభించాయి. ఆ సంవత్సరమే గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం వ్రాసి, అభిప్రాయాల ఏకత్వాన్ని బట్టి కాక క్రీస్తునందలి జీవాన్ని బట్టి సహవాసం నిలవాలని హెచ్చరించాడు. గుంటూరులో 1842లో మిషనరీ హేయర్ ఆరంభించిన లూథరన్ మిషన్ వెనుక ఆగ్స్‌బర్గు ప్రకటన ఉంది. అందుచేత కృష్ణా, గోదావరి జిల్లాలలో ఒకే వీధిలో ఉన్న రెండు సంఘాలు రాకడను గురించి రెండు విధాలుగా బోధించడానికి వాటి పుట్టుకలోనే కారణం ఉంది. ఎవరో నిన్న మొన్న తప్పుదారి పట్టడం కారణం కాదు.

చర్చను నడిపే తీరు

ఎవరైనా ఒక అభిప్రాయాన్ని విమర్శించే ముందు, ఆ అభిప్రాయం గలవారు విని ‘అవును, మేము నమ్మేది ఇదే’ అని చెప్పేటట్లు దానిని వివరించాలనే నియమం పెట్టండి. వీలైతే వేరే సంఘపు పాస్టరుగారిని ఒక వారం ఆహ్వానించి, ఆయన సంఘం నమ్మేదాన్ని ఆయన నోటనే వినండి. శ్రమలకు ముందు అనేవారిని పిరికివారని, వెయ్యేండ్లు ఆత్మీయమనేవారిని వాక్యం నమ్మనివారని అనే మాటలను మొదటిసారే మర్యాదగా ఆపండి.

తేదీలు చెప్పే బోధకు మాత్రం క్లాసులో చోటు ఇవ్వవద్దు. ఆ దినమును, ఆ గడియను తండ్రి తప్ప ఎవరూ ఎరుగరని మత్తయి 24:36 చెప్తున్నది. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న, దక్షిణ కొరియాలో డామి మిషన్ వారు 1992 అక్టోబరు 28న, హెరాల్డ్ క్యాంపింగ్ మాట విన్నవారు 2011 మే 21న ఎదురుచూశారు. కొరియాలో కొందరు ఉద్యోగాలు మానుకొని ఆస్తులు అమ్ముకున్నారు. వారి నాయకునికి మోసం నేరం క్రింద జైలుశిక్ష పడింది. 2025 సెప్టెంబరు 23 అనే తేదీ ఫోన్లలో వీడియోల ద్వారా దేశదేశాలకు పాకింది. ఇటువంటి వీడియో ఎవరైనా తెచ్చినప్పుడు వారిని కించపరచక, 24:36ని వారిచేతనే చదివించి, ఆ వీడియోను ఇతరులకు పంపవద్దని కోరండి. యుద్ధం లేక భూకంపం వచ్చిన ప్రతిసారి అది ఫలానా ముద్ర అని చెప్పే వర్తమానాలను కూడా ఇదే జాగ్రత్తతో వినాలి. యుద్ధాలను గురించి విన్నప్పుడు కలవరపడకుండ చూచుకొనుడని చెప్పినవాడు ప్రభువే.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే అమ్మానాన్న ఎత్తబడ్డారేమో, తాను విడువబడ్డానేమో అని ఏడ్చిన పిల్లలు మన సంఘాలలో ఉన్నారు. భయపెట్టి తీసుకున్న తీర్మానం ఎక్కువ కాలం నిలవదు, ఆ భయం మాత్రం నిలుస్తుంది. సండేస్కూలులో మృగపు ముద్రను గురించిన సినిమాలు చూపకండి. వారికి 1 థెస్సలొనీకయులు 4:13-18ని పౌలు వ్రాసిన ఉద్దేశంతోనే చెప్పండి: చనిపోయిన మన వారిని ప్రభువు మరచిపోలేదు, ఆయన వస్తాడు, మనం ఆయనతో ఉంటాము. ఆ తరువాత ప్రశ్నలు అడగమనండి; వారు అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పండి, అడగని దాని జోలికి వెళ్లకండి.